బార్కోవ్ లేకుండా పాంథర్స్ ప్లేఆఫ్స్‌కి చేరతారా?

సన్‌రైజ్‌పులి (26 సెప్టెంబరు 2025)

భయపడ్డదే అయింది. నిన్న ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ప్రాక్టీసు చేస్తుండగా మన ఫ్లోరిడా పాంథర్స్ ఐస్ హాకీ జట్టు కెప్టెన్ బార్కోవ్ కుడి మోకాలికి దెబ్బ తగిలింది. ఈరోజు సర్జరీ కూడా అయిపోయింది. మోకాలి లిగమెంట్లు ఏసీఎల్, ఎంసీఎల్ రెండూ తెగాయట. కోలుకోవడానికి ఏడు నుంచి తొమ్మిది నెలలు పడుతుందని క్లబ్ ప్రకటించింది.

అంటే రెగ్యులర్ సీజన్ మొత్తం పోయినట్టే. ఫిబ్రవరిలో మిలాన్ ఒలింపిక్స్ కూడా పోయినట్టే. 2014 తర్వాత మన లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్లు ఒలింపిక్స్‌కి వెళ్లడం మళ్లీ ఇప్పుడే. అప్పుడు బార్కోవ్ సోచికి 18 ఏళ్ల కుర్రాడిగా వెళ్లి, అక్కడే మోకాలు దెబ్బతిని ఆ సీజన్‌కే దూరమయ్యాడు. పన్నెండేళ్లు ఆగితే మళ్లీ మోకాలే అడ్డుపడింది. అది తలుచుకుంటేనే మనసు పాడైపోతోంది.

దీనికితోడు మన స్టార్ ఫార్వర్డ్ తకాచుక్ కూడా లేడు. వేసవిలో సర్జరీ అయింది కాబట్టి డిసెంబరు దాకా అతని మీద ఆశ పెట్టుకోలేం. వరుసగా మూడో స్టాన్లీ కప్పు (లీగ్ టైటిల్) గురించి మాట్లాడుకుంటూ ఉన్నాం ఇన్నాళ్లూ. 1980 నుంచి 1983 దాకా వరుసగా నాలుగు గెలిచిన ఐలాండర్స్ తర్వాత ఎవరూ మూడు గెలవలేదు. ఇప్పుడు ఆ మాట పక్కన పెడదాం. ఏప్రిల్‌లో మొదలయ్యే ప్లేఆఫ్స్‌లో, అంటే కప్పు కోసం జరిగే నాకౌట్ పోరులో, మనవాళ్లు ఉంటారా, ఉండరా? మీకేమనిపిస్తోందో మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

పక్కాపక్ (26 సెప్టెంబరు)

మనసులో ఉన్నది చెప్పమన్నారు కాబట్టి చెప్తున్నా. కష్టమే అన్నా.

బార్కోవ్ ఒక్కడి సంగతే కాదు. మూడేళ్లుగా ఈ జట్టు జూన్ దాకా ఆడుతూనే ఉంది. 2023లో 21 ప్లేఆఫ్ మ్యాచ్‌లు, 2024లో 24, 2025లో 23. మొత్తం 68. మూడేళ్లలో దాదాపు ఇంకో సీజన్ అదనంగా ఆడినట్టు. అదీ ప్లేఆఫ్ హాకీ, ప్రతి షిఫ్ట్‌లో, అంటే మంచు మీదకి దిగిన ప్రతిసారీ, ఒళ్లు హూనమయ్యే ఆట. మన గోల్‌కీపర్ (గోలీ) బాబ్రోవ్‌స్కీకి మొన్ననే 37 నిండాయి. ఫార్వర్డ్ మార్షాండ్‌ది కూడా అదే వయసు. ఇంత అలిసిపోయిన జట్టులోంచి ఇద్దరు పెద్ద ఆటగాళ్లని తీసేస్తే అక్టోబరు, నవంబరుల్లోనే వెనకబడతారు. మనమున్న అట్లాంటిక్ డివిజన్‌లో ఒకసారి వెనకబడితే తేరుకోవడం అంత సులువు కాదు.

బ్లూలైన్ (26 సెప్టెంబరు)

పక్కాపక్ చెప్పిన అలసట నిజమే, కాదనను. కానీ బార్కోవ్ లేకపోతే మనకి ఏం పోతుందో ముందు సరిగ్గా చూడాలి. అందరూ గోల్స్ లెక్క వేస్తున్నారు. పోయిన సీజన్‌లో 67 మ్యాచ్‌ల్లో 71 పాయింట్లు (గోల్స్, గోల్‌కి దారితీసే పాస్‌లు అంటే అసిస్ట్‌లు కలిపి), అందులో గోల్స్ 20. ఇరవై గోల్స్ ఎలాగోలా సర్దుకోవచ్చు. రైన్‌హార్ట్ ఒక్కడే 2023-24లో 57 కొట్టాడు. బెనెట్ మొన్నటి ప్లేఆఫ్స్‌లో 15 గోల్స్ కొట్టి, ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ తీసుకెళ్లాడు. వెర్హేగీ ఉన్నాడు. గోల్స్‌కి కొరత రాదు.

సర్దుకోలేనిది వేరే ఉంది. అవతలి జట్టు మొదటి లైన్ (వాళ్ల బలమైన ముగ్గురు ఫార్వర్డ్‌లు) మంచు మీదకి దిగిన ప్రతిసారీ ఎదురుగా నిలబడేది బార్కోవే. మూడో పీరియడ్ ఆఖర్లో ఒక గోల్ ఆధిక్యం ఉందనుకోండి, ఫేస్‌ఆఫ్ (రెండు జట్ల ఆటగాళ్ల మధ్య పక్ వేసి ఆట మొదలుపెట్టడం) మన గోలీ పక్కనే పడిందనుకోండి, కోచ్ మారిస్ ఇంకొకరి వైపు చూడడు. పెనాల్టీ కిల్‌లో, అంటే శిక్షవల్ల ఒకడు తక్కువగా ఆడేటప్పుడు, ముందు దిగేదీ అతనే. డిఫెన్స్‌లో ఉత్తమ ఫార్వర్డ్‌కిచ్చే సెల్కీ ట్రోఫీలు మూడు ఊరికే రాలేదు.

మేలో కరోలినాతో అయిదో మ్యాచ్ గుర్తు తెచ్చుకోండి. 2-0 వెనకబడి, 3-2కి వెళ్లి, మళ్లీ 3-3. మూడో పీరియడ్‌లో ఎనిమిది నిమిషాలు కూడా మిగల్లేదు. పక్ బార్కోవ్ దగ్గరుంది, కరోలినా డిఫెన్స్‌మన్ ఓర్లోవ్ అతని వీపు మీదే ఉన్నాడు. ఆ ఒత్తిడినంతా వీపు మీదే ఆపుకుని, గిర్రున తిరిగి, ఓర్లోవ్‌ని వదిలించుకుని గోల్ ముందుకొచ్చి వెర్హేగీకి ఇచ్చాడు. స్కోరు షీట్‌లో అది ఒక అసిస్ట్, అంతే. సిరీస్ మాత్రం అక్కడే అయిపోయింది. ఆ పని చేసేవాడు మన దగ్గర ఇంకొకడు లేడు.

టొరంటో_నీలి (27 సెప్టెంబరు)

టొరంటో మేపుల్ లీఫ్స్ అభిమానిని. మేలో ఏడో మ్యాచ్‌లో మీ చేతిలో ఓడిన బాధ ఇంకా ఉంది. అయినా ఇలాంటి వార్త చూసి సంతోషపడే మనిషిని కాను. మా మాథ్యూస్‌కి ఎదురుగా బార్కోవ్ ఆడిన తీరు చూశాక ఏ ఫార్వర్డ్‌కైనా గౌరవం కలుగుతుంది.

బయటివాడిగా ఒక మాట. మీ డివిజన్ తేలికేమీ కాదు. టాంపా ఎప్పుడూ ఉండేదే. ఆటవా, మాంట్రియల్ రెండూ కుర్ర జట్లు, పైకొస్తున్నాయి. మాంట్రియల్ ఈ వేసవిలో డిఫెన్స్‌మన్ డాబ్‌సన్‌ని కూడా తెచ్చుకుంది. మేమేమో మార్నర్‌ని పోగొట్టుకున్నాం కాబట్టి మాకూ నిలకడ ఉంటుందని చెప్పలేను. పోయిన సీజన్‌లో బార్కోవ్ ఆడినా మీరు 98 పాయింట్లతో మూడో స్థానంలోనే ఉన్నారు. ఆటవా 97. ఒక్క పాయింటు తేడా. అతను లేకుండా మూడో స్థానం కష్టం, మీ పోటీ వైల్డ్ కార్డ్ కోసమే, అంటే డివిజన్‌లో మొదటి మూడు జట్లు పోగా మిగిలే ప్లేఆఫ్ బెర్త్ కోసమే అనుకుంటున్నా.

లెక్కలమాస్టారు (27 సెప్టెంబరు)

నీలి గారు దారి చూపించారు కాబట్టి అక్కడినుంచే లెక్క చూద్దాం.

మనమున్న ఈస్ట్ కాన్ఫరెన్స్‌లో ఆఖరి ప్లేఆఫ్ బెర్త్ ఎన్ని పాయింట్లకి దక్కిందో చూడండి. 2022-23లో 92, అది మనదే. 2023-24లో వాషింగ్టన్‌కి 91. పోయిన సీజన్ మాంట్రియల్‌కి 91. ఇవి చూసి 92 చాలు అనుకోవద్దు. 2016-17లో టాంపాకి 94 వచ్చినా ఇంట్లో కూర్చుంది, 95తో టొరంటో లోపలికి వెళ్లింది. 2017-18లో మనవాళ్లు 96 సాధించి కూడా ఒక్క పాయింటుతో బయట ఉండిపోయారు. ఆ జట్టులో బార్కోవ్ ఉన్నాడు, పూర్తి ఆరోగ్యంతో. కాబట్టి లక్ష్యం 95 అనుకుందాం.

తకాచుక్ లేని మొదటి 25 మ్యాచ్‌ల్లో 12 గెలిచి, 10 ఓడి, 3 ఓవర్‌టైంలో ఓడారనుకోండి. గెలుపుకి రెండు, ఓవర్‌టైం ఓటమికి ఒకటి చొప్పున 27 పాయింట్లు. మామూలు జట్టు ఆడే ఆటే ఇది. మిగిలిన 57 మ్యాచ్‌లకి పోయిన సీజన్ వేగం, అంటే 82కి 98 చొప్పున ఆడితే 68 వస్తాయి. మొత్తం 95. అంటే మొదటి రెండు నెలలు మునిగిపోకుండా ఉండి, తకాచుక్ వచ్చాక పోయిన సీజన్ స్థాయికి చేరితే చాలు. అద్భుతాలు అక్కర్లేదు.

పోయిన సీజన్ వేగమే తగ్గించి చూద్దామంటారా, అప్పుడు లెక్క బిగుసుకుంటుంది. ఆ 57 మ్యాచ్‌ల్లో 62 వస్తే మొత్తం 89 దగ్గర ఆగిపోతాం. అంటే మూడు గెలుపుల తేడా. ఆ మూడు మ్యాచ్‌లు అక్టోబరులోనే పోవచ్చు, ఎవరూ గమనించరు.

పక్కాపక్ (27 సెప్టెంబరు)

మాస్టారూ, నా టెన్షన్ సరిగ్గా అదే. 2016-17 టాంపా కథ చూడండి. స్టామ్‌కోస్ 17 మ్యాచ్‌ల్లో 20 పాయింట్లు కొట్టి నవంబరులో మోకాలి గాయంతో వెళ్లిపోయాడు. మిగిలిన జట్టు మంచిదే, కుచెరోవ్, హెడ్‌మన్ ఉన్నారు. అయినా ఒక్క పాయింటు తక్కువైంది. 2015-16 మాంట్రియల్ ఇంకా ఘోరం. వరుసగా 9 గెలుపులతో సీజన్ మొదలుపెట్టారు. కేరీ ప్రైస్ 12 మ్యాచ్‌లాడి గాయంతో ఆగిపోయాడు. తర్వాత జట్టు కుప్పకూలి 82 పాయింట్లతో ముగించింది.

బ్లూలైన్ (27 సెప్టెంబరు)

ప్రైస్ ఉదాహరణ ఇక్కడ కుదరదు తమ్ముడూ. అతను గోలీ. గోలీ పోతే ఆ చోటు ఖాళీ, అతని పనిని పదిమందికి పంచలేం. బార్కోవ్ సెంటర్, అంటే మధ్యలో ఆడే ఫార్వర్డ్. సెంటర్ పనిని పంచొచ్చు. 2010-11 పిట్స్‌బర్గ్‌ని చూడు. క్రాస్బీ జనవరిలో కంకషన్‌తో ఆగిపోయాడు, 41 మ్యాచ్‌లే ఆడాడు. ఫిబ్రవరిలో మాల్కిన్ మోకాలు పోయింది, అదీ ఏసీఎల్లే. ఇద్దరు సూపర్‌స్టార్లు లేకుండా 106 పాయింట్లు సాధించారు. సీజన్ సగమే ఆడిన క్రాస్బీ కొట్టిన 66 పాయింట్లే చివరికి జట్టులో అత్యధికం. అంటే ఎవరో ఒకడు వీరుడై గెలిపించలేదు. గోలీ ఫ్లూరీ నిలబడ్డాడు, కోచ్ బైల్స్‌మా అందరి చేతా ఒకే పద్ధతిలో ఆడించాడు.

ప్లేఆఫ్స్‌లో మాత్రం మొదటి రౌండ్‌లోనే టాంపా చేతిలో ఏడో మ్యాచ్‌లో 1-0తో ఓడారు, అదీ 3-1 ఆధిక్యం నుంచి. స్టార్ లేని లోటు అక్కడ తెలిసింది. 82 మ్యాచ్‌లు నడిపించడానికి పద్ధతి చాలు. ఒక్క గోల్ కావాల్సిన రాత్రి మనిషి కావాలి.

కొత్తఅభిమాని (28 సెప్టెంబరు)

అందరికీ నమస్కారం. పోయిన సీజన్ నుంచే హాకీ చూస్తున్నాను, ఒక సందేహం. బార్కోవ్ జీతం ఏడాదికి కోటి డాలర్లు కదా. అతను ఆడట్లేదు కాబట్టి ఆ డబ్బుతో ఇంకో మంచి సెంటర్‌ని తెచ్చుకోవచ్చు కదా? టాంపా ఒకప్పుడు అలాగే చేసిందని ఎక్కడో చదివాను.

క్యాప్‌కాపలా (28 సెప్టెంబరు)

మంచి ప్రశ్న. ఈ ఏడాది నుంచి లెక్క మారింది.

ఒక జట్టు జీతాల మొత్తానికి లీగ్ పరిమితి ఉంటుంది. గాయాల జాబితాలో ఉన్నవాడి జీతం మేరకు దాన్ని దాటే వీలుండేది. 2020-21లో టాంపా కుచెరోవ్‌ని సీజన్ మొత్తం గాయాల జాబితాలో ఉంచి, ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్‌కి దించింది. ప్లేఆఫ్స్‌లో జీతాల పరిమితి అప్పట్లో లేదు కాబట్టి దాదాపు 1.8 కోట్ల డాలర్లు ఎక్కువ ఖరీదున్న జట్టుతో కప్పు గెలిచింది. అతనే 32 పాయింట్లతో అందరికన్నా ముందున్నాడు. పోయిన ఏడాది మనమూ ఆ సౌకర్యం వాడుకున్నాం. ఫిబ్రవరిలో తకాచుక్ దెబ్బతిన్నాక జోన్స్, మార్షాండ్ వచ్చారు. ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్‌లో తకాచుక్ తిరిగొచ్చి టాంపా మీద రెండు గోల్స్ కొట్టాడు.

2025-26 నుంచి రెండు మార్పులు. ఒకటి, ప్లేఆఫ్స్‌లో ఆ రోజు ఆడే జట్టు మొత్తం జీతం పరిమితిలోపే ఉండాలి. ఈ ఏడాది పరిమితి 9.55 కోట్ల డాలర్లు. రెండోది మనకి ఇంకా ముఖ్యం. గాయపడిన ఆటగాడు ఈ సీజన్‌లోనే తిరిగొస్తాడంటే, అతని బదులు వాడుకునే వెసులుబాటు లీగ్ సగటు జీతం దాకే, అంటే సుమారు 38 లక్షల డాలర్లు. మొత్తం కోటీ వాడుకోవాలంటే అతను రెగ్యులర్ సీజన్‌కీ, ప్లేఆఫ్స్‌కీ పూర్తిగా దూరంగా ఉండాలి.

కాబట్టి జనరల్ మేనేజర్ జీటో ముందు రెండే దారులు. బార్కోవ్ వస్తాడనే ఆశ ఉంచుకుంటే చిన్న ఆటగాడితో సర్దుకోవాలి. పెద్ద సెంటర్ కావాలంటే ఆ ఆశ వదులుకోవాలి.

సన్‌రైజ్‌పులి (28 సెప్టెంబరు)

ఆశ వదులుకోవడమా! ఏడు నెలలంటే ఏప్రిల్ 26. మొదటి రౌండ్ అప్పటికి జరుగుతూ ఉంటుంది. రెండో రౌండ్‌కి వచ్చినా చాలు. మే నెలలో అతను సొరంగంలోంచి మంచు మీదకి వస్తే ఆ హోరు ఎలా ఉంటుందో ఊహించుకోండి. తలుపు మూయకూడదు.

ఫిజియోఅక్క (28 సెప్టెంబరు)

పులి గారూ, మీ ఆరాటం అర్థమవుతోంది. ఫిజియోథెరపీ నా వృత్తి, ఏసీఎల్ సర్జరీ అయినవాళ్లతో రోజూ పనిచేస్తాను. బార్కోవ్ రిపోర్టులు నేను చూడలేదు కాబట్టి అతని గురించి కాకుండా ఈ గాయం గురించి మామూలుగా చెప్తాను.

ఏసీఎల్ తెగితే కుట్టి వదిలేయరు, చాలావరకు శరీరంలో ఇంకోచోటి నుంచి తీసిన టెండన్‌తో కొత్త లిగమెంట్ తయారుచేస్తారు. అలా పెట్టిన టెండన్ మొదట్లో గట్టిగానే ఉంటుంది. తర్వాత కొన్ని వారాలకి బలహీనపడి, ఆ పైన నెమ్మదిగా లిగమెంట్‌లా మారుతుంది. మనిషికి నొప్పి తగ్గి, నడక బాగుండి, అంతా అయిపోయిందనిపించే రోజుల్లో లోపల ఆ పని ఇంకా నడుస్తూనే ఉంటుంది. తొమ్మిది నెలల ముందే పోటీ ఆటలోకి దిగినవాళ్లకి మళ్లీ తెగే ప్రమాదం బాగా ఎక్కువ.

హాకీలో ఇంకో చిక్కు కూడా ఉంది. స్కేటర్ పక్కకి తన్ని ముందుకెళ్తాడు. ఆ తోపులో మోకాలి లోపలి వైపు, అంటే ఎంసీఎల్ మీద భారం పడుతుంది. అతనికి అదీ తెగింది. బ్లూలైన్ గారు వర్ణించిన ఆ కరోలినా కదలికనే తీసుకోండి. వీపు మీద ఇంకో మనిషి బరువు, వంగిన మోకాలు, ఒంటికాలి మీద తిరగడం. వైద్యం దృష్టితో చూస్తే ఆఖర్న అనుమతించే కదలిక అదే.

అతనికి 30 ఏళ్లు, కాంట్రాక్టు 2030 దాకా ఉంది. నేనైతే తొమ్మిది నెలలే లెక్కపెడతాను. అంటే జూన్ ఆఖరు.

పక్కాపక్ (29 సెప్టెంబరు)

అక్కా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, చాలా థాంక్స్. జూన్ ఆఖరంటే ఫైనల్ కూడా అయిపోతుంది. మరి అలాంటప్పుడు కోటి మొత్తం వాడుకుని ఒక మంచి సెంటర్‌ని తెచ్చుకోవడమే మేలు కదా?

క్యాప్‌కాపలా (29 సెప్టెంబరు)

తెచ్చుకోవాలంటే అమ్మేవాడు ఉండాలి. అక్టోబరులో ఏ జట్టూ మంచి సెంటర్‌ని వదలదు, అందరికీ ఆశలుంటాయి. అసలు బేరాలు మార్చిలో ట్రేడ్ గడువు (జట్లు ఆటగాళ్లని మార్చుకునే ఆఖరి తేదీ) దగ్గరే. అందుకే ఇప్పుడే తేల్చుకోవాల్సిన అవసరం లేదు. మార్చి నాటికి మోకాలు ఎలా ఉందో, పట్టికలో మనం ఎక్కడున్నామో రెండూ తెలుస్తాయి. అప్పటిదాకా ఉన్నవాళ్లతోనే నెట్టుకురావాలి.

బ్లూలైన్ (29 సెప్టెంబరు)

అక్కడికే వస్తున్నా. ఉన్నవాళ్లలో నా కళ్లన్నీ సెంటర్ లుండెల్ మీద. 24 నిండబోతున్నాయి. అతనూ ఫిన్లాండే, నాలుగేళ్లుగా బార్కోవ్ వెనకే ఆడుతూ ఆ పద్ధతి పట్టుకున్నాడు. మొన్నటి ప్లేఆఫ్స్‌లో మార్షాండ్, లూస్తారినెన్‌తో కలిసి అతను నడిపిన మూడో లైన్‌ని ఏ జట్టూ ఆపలేకపోయింది.

అయితే ఒక తేడా ఉంది. మూడో లైన్‌కి అవతలివాళ్ల బలమైన డిఫెన్స్ ఎదురు రాదు. ఇప్పుడు పైకి జరిగితే కుచెరోవ్, మాథ్యూస్ లాంటివాళ్లకి ఎదురుగా దిగాలి, అదీ రోజు మార్చి రోజు. నా ఉద్దేశంలో మారిస్ అతన్ని ఇంకో బార్కోవ్‌గా మార్చడానికి చూడకూడదు. కష్టమైన షిఫ్టుల్ని బెనెట్‌కీ లుండెల్‌కీ సగం సగం పంచాలి. రైన్‌హార్ట్‌ని లుండెల్ పక్కన పెట్టాలి. రైన్‌హార్ట్ గోల్స్ గురించే అందరూ మాట్లాడతారు గానీ అతను డిఫెన్స్‌లో కూడా ఘటికుడు, బార్కోవ్ పక్కన ఇన్నాళ్లూ సగం బరువు మోసింది అతనే.

వెనకాల ఫోర్స్‌లింగ్, ఎక్‌బ్లాడ్, జోన్స్, మికోలా ఉన్నారు. ఇంత గట్టి డిఫెన్స్ ఉన్న జట్టుకి 95 పాయింట్లు రాకపోతే లోపం బార్కోవ్ మోకాలిలో లేనట్టే.

టొరంటో_నీలి (30 సెప్టెంబరు)

మార్షాండ్‌ని లుండెల్ దగ్గరనుంచి విడదీస్తే మాత్రం మాకు పండగే. మేలో మమ్మల్ని ముంచింది ఆ ముగ్గురే.

సన్‌రైజ్‌పులి (1 అక్టోబరు)

అక్క రాసింది రెండుసార్లు చదివాను. మే నెల కల వదులుకోవడం బాధగానే ఉంది, కానీ వదులుకుంటున్నా. 2013 డ్రాఫ్ట్‌లో (లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట) రెండో పిక్‌గా బార్కోవ్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో హాకీ అంటే సగం ఖాళీ సీట్లే. ఎన్ని ఓటములు చూశాడో, ఒక్కసారి కూడా వేరే ఊరు పంపమని అడగలేదు. 2024లో కప్పు ఎత్తిన మొదటి ఫిన్లాండ్ కెప్టెన్ అయ్యాడు, ఎత్తి ముందు ఇచ్చింది బాబ్రోవ్‌స్కీకి. అలాంటి మనిషి కెరీర్‌ని ఒక్క రౌండ్ కోసం పణంగా పెట్టమని నేను అడగలేను. జట్టే అతనికి అండగా నిలబడాలి ఈ ఏడాది.

2023 కూడా గుర్తుంచుకోండి. 92 పాయింట్లతో ఆఖరి బెర్త్. ఆఖరి వారంలో పిట్స్‌బర్గ్ సొంత గడ్డ మీద షికాగో చేతిలో ఓడబట్టి లోపలికొచ్చాం. మొదటి రౌండ్‌లో ఎదురుగా 135 పాయింట్ల బాస్టన్, 3-1తో వెనకబడి కూడా గెలిచాం. అక్కడినుంచి ఫైనల్ దాకా వెళ్లాం. లోపలికి వెళ్తే చాలు, తర్వాత సంగతి తర్వాత.

లెక్కలమాస్టారు (5 అక్టోబరు)

క్యాంపు ముగింపుకొచ్చింది కాబట్టి ఒక ప్రతిపాదన. ప్రతి అయిదు మ్యాచ్‌లకీ ఇక్కడే పాయింట్లు రాస్తాను. 25 మ్యాచ్‌లకి 27 అన్నది గీత. గీతకి పైన ఉంటే ఊపిరి పీల్చుకుందాం, 23కి తగ్గితే పక్కాపక్ భయం నిజమవుతున్నట్టు.

పక్కాపక్ (6 అక్టోబరు)

నాకిష్టమే మాస్టారూ. నా అంచనా 24. తప్పితే అందరికన్నా ఎక్కువ సంతోషించేది నేనే.

కొత్తఅభిమాని (6 అక్టోబరు)

నేను 28 అంటున్నా! రేపు షికాగోతో మొదటి మ్యాచ్ కదా, దేన్ని చూడమంటారు? ఇన్నాళ్లూ పక్ వెనకే కళ్లు తిప్పాను.

బ్లూలైన్ (6 అక్టోబరు)

రేపు పక్‌ని కాసేపు వదిలెయ్. మన జోన్‌లో ఫేస్‌ఆఫ్ పడినప్పుడల్లా ఏ సెంటర్ వంగుతున్నాడో చూడు. షికాగో స్టార్ బెదార్డ్ మంచు మీదకి దిగినప్పుడు బెంచీ మీంచి ఎవరు లేస్తున్నారో చూడు. మూడో పీరియడ్‌కి వచ్చేసరికి ఆ రెండు పనులకీ లుండెల్ ఒక్కడే దిగుతున్నాడా, బెనెట్‌తో పంచుకుంటున్నాడా అన్నది రాసి పెట్టు. మ్యాచ్ అయ్యాక ఇక్కడ పోస్ట్ చెయ్, నేనూ రాసుకున్నది పెడతాను, పోల్చి చూద్దాం.